ఎలుగుబంటికి పరుపు

మన్ననూర్,
18 సెప్టెంబర్ 2003

గద్వాల పరుపుల సామ్రాజ్యానికి ఏకైక అధిపతి తస్లీమ్ అత్త సన్నిధికి,

మేనల్లుడు యాసర్ సలాములు చెప్పుకుని, చేతులు జోడించి, ఒక మోకాలు నేలకు ఆనించి (రెండోదానికి మొన్న దెబ్బ తగిలింది) క్షమాపణ వేడుకుంటున్నాడు. ఈ ఉత్తరం మూడు నెలలు ఆలస్యమైనందుకు, ఈ ఏడు మన వైపు వానలు వేళకు రానందుకు, మీ గల్లీలో కరెంటు పోయినప్పుడల్లా నీ దూది మిషను ఆగిపోతున్నందుకు, నేను పుట్టిన రోజు నీకు పంటి నొప్పి వచ్చినందుకు, దూదేకుల వంశం ఇప్పటిదాకా చేసిన, ఇకముందు చేయబోయే తప్పులన్నింటికీ పూర్తి బాధ్యత నాది. వీటిలో నేను చేసినది ఒక్కటీ లేదు. అయినా ఒప్పుకుంటున్నాను. ఏదో ఒకటి ఒప్పుకుంటే అడగబోయేదానికి నువ్వు కాదనవని ఆశ.

మా బొమ్మల కాలేజీ ఆఖరి సంవత్సరం వాళ్ళను పన్నెండు మందిని ఇస్రాయేలు సార్ నల్లమల అంచుకు తోలుకొచ్చారు. నెల రోజులు అటవీ శాఖ విడిదిలో ఉంటాం. ఇక్కడ మేం చేసేదాన్ని ఇన్‌స్టలేషన్ అంటారు. భయపడకు, జబ్బు కాదు. గోడకు తగిలించే బొమ్మకు బదులు, వస్తువులను ఒకచోట ఒక పద్ధతిలో అమర్చి, చూసేవాళ్ళను వాటి మధ్యకు పిలవడం. మా సార్ షరతు ఏమిటంటే, ఆ చూసేవాళ్ళు మనుషులు కాకూడదు. పిట్ట, పురుగు, పంది, పాము, వీళ్ళే మా ప్రేక్షకులు. అడవిలో మనం చుట్టాలమనీ, ఇంటివాళ్ళు వాళ్ళనీ మాకు తెలిసిరావాలట.

అటవీ శాఖ షరతులు వేరే ఉన్నాయి. చెట్టుకు మేకు కొట్టరాదు. సాయంత్రం ఆరు దాటాక గేటు లోపల ఉండరాదు. వెళ్ళేటప్పుడు ఏదీ వదిలిపోరాదు. మా క్లాసు అమ్మాయి అఖిల పాత మగ్గం చెక్కలు తెచ్చి చెదలకు అప్పగించింది. అవి తినగా మిగిలిందే ఆమె శిల్పం. చెదలు మాకన్నా క్రమశిక్షణగా పనిచేస్తున్నాయి.

నేను అడవికి ఒక పరుపు వేద్దామనుకుంటున్నాను. పిట్టలూ ఉడతలూ అందులోంచి దూది పీక్కుపోయి తమ గూళ్ళలో పరుచుకోవాలి. పరుపు మీద, తునికి చెట్టు కొమ్మ నుంచి, మామ దూదేకిన విల్లు వేలాడాలి. గాలికో కొమ్మ తగిలో అది మోగితే మోగుతుంది.

కాబట్టి నాకు ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు పరుపు కావాలి. ఒక పక్క కుట్టకుండా వదిలెయ్. విల్లు కూడా కావాలి. పరుపు ఎవరికని అడుగుతావు. సరిగ్గా చెప్పాలంటే, ఎలుగుబంటికి.

నీ పాదాల దగ్గర (దూది ఎక్కువగా ఉన్న వైపు),
యాసర్


గద్వాల,
23 సెప్టెంబర్ 2003

అల్లుడు యాసర్‌కు అత్త దువా.

నీ ఉత్తరం రెండుసార్లు సదివిన. మోకాలికి దెబ్బ ఎట్ల తాకిందో రాయలే. పనికిరానిదంత రాసినవ్.

పరుపు సంగతి. ముప్పై ఏండ్ల సంది కుడుతున్న. ఒక్క మనిషికి మూడడుగుల వెడల్పు సాలు. పిల్లలు గలోళ్ళకు ఐదు. నాలుగు అడిగేది కొత్త పెండ్లోళ్ళే, ఇంకెవరు అడగరు. గందుకే నాకు నీ ఎలుగుబంటి మీద అనుమానం కొడుతుంది. దాని పేరేంది, ఏ ఊరు, ఎవరి పిల్ల, దాపెట్టకుండ రాయి. మీ నాయన లొల్లి చేస్తడని భయపడకు. నిన్ను బొమ్మల సదువుకు పంపనంటె ఆయన వాకిట్ల పొద్దంత కూసున్నది నేనే గద. మళ్ల కూసుంట.

ఒక పక్క కుట్టకుండ పంపుడు నాతోని కాదు. మీ మామ ఉన్నప్పుడు గాని, పోయినంక గాని, మన దుకాణంల నుంచి నోరు తెరిసిన పరుపు బైటికి పోలే. సూసినోళ్ళు ఏమంటరు. నాలుగు పక్కల రెండు వరుసలు కుట్టిన. మన పక్కింటి జోగులమ్మ మగ్గం మీద మిగిలిన జరీ అంచు ముక్కలు ఇచ్చింది, అవి గూడ చుట్టు ఏసిన. ఎవరి పెండ్లి అని అడిగింది. ఇంక ఎరుక లేదు, అడవిల చేసుకుంటుండు అన్న.

ఇగ విల్లు. నువ్వు అది అడుగుతవని అనుకోలే. మిషను కొన్నంక గూడ మీ మామ దాన్ని ఇడువలే. గల్లీల పోతు నారి మీద ఒక్క దెబ్బ ఏస్తె, ఆడోళ్ళంత పాత పరుపులు అరుగు మీదికి తెచ్చి పడేస్తుండ్రి. ఆయన పోయి మూడేండ్లు. ప్రతి షబే బరాత్‌కు, హల్వా పెట్టి ఆయన పేరు మీద ఫాతెహా సదివే ముందల నేను దాన్ని ఒక్కసారి మోగిస్త. ఏడాదికి ఒక్కసారే. ఆయన మాట ఇన్నట్టుంటది. నారి ఆయన చేతితోని పేనిన మేకపేగు. గిప్పుడు చేసేటోళ్ళు లేరు. తెగితె నాకు ఇంకోటి లేదు.

ఇది తెల్సి గూడ పంపుతున్న, ఎందుకంటె అడిగింది నువ్వు. రెండు మాటలు యాది పెట్టుకో. వచ్చే నెల పన్నెండుకు షబే బరాత్, గప్పటికి విల్లు నా ఇంట్ల ఉండాలె. పొద్దుగూకంగనే బట్టల సుట్టి లోపల పెట్టాలె, నారి తడువొద్దు, తడిస్తె సాగుతది.

ఇంకోటి నా కోరిక. ఆయన దాన్ని ఊర్లల్లనే మోగించిండు, అడవిల ఎన్నడు మోగించలే. నువ్వు ఒక్కసారి మోగించి, ఎట్ల ఇనపడ్డదో నాకు రాయి.

మా ఆసిఫ్‌తోని బస్సుల పంపుతున్న. వానికి అన్నం పెట్టి తోలు.

మీ అత్త


మన్ననూర్,
29 సెప్టెంబర్ 2003

అత్తా,

రాజలాంఛనాలతో పరుపు విచ్చేసింది. ఆసిఫ్ బావ చెప్పిన ప్రకారం, గద్వాల నుంచి వనపర్తి దాకా అది బస్సు టాపు మీద ప్రయాణించింది. వనపర్తిలో బస్సు మారాక కండక్టరు దాన్ని వెనక సీటు మీద పరవనిచ్చాడు. గోపాల్‌పేట వచ్చేసరికి దాని మీద ముగ్గురు పడుకున్నారు. నాగర్‌కర్నూల్లో వాళ్ళను లేపడానికి బావ, కండక్టరు, ఒక మేకల వ్యాపారి కలిసి పనిచేయాల్సి వచ్చింది. అందులో ఒకాయన లేచి, ఇంకెంత దూరమైనా టికెట్టు తీసుకుంటాను, పరుపు మాత్రం దించొద్దు అన్నాడట. మనుషుల మీద ప్రయోగం విజయవంతమైంది. ఇక జంతువులే మిగిలాయి.

అక్కడే చిక్కొచ్చింది. నీ కుట్టు అడవిని లోపలికి రానివ్వలేదు. రెండు రోజులు ఉడతలు పరుపు చుట్టూ తిరిగి, పైకెక్కి, కిందికి దిగి, ఒకదాని మొహం ఒకటి చూసుకుని వెళ్ళిపోయాయి. చివరికి అచ్చంపేట పోయి ఒక చాకు కొనుక్కొచ్చి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని ఒక పక్క కుట్లు విప్పాను. ఒక్కో కుట్టూ తెగేటప్పుడు నువ్వు నా చెవి పట్టుకున్నట్టే అనిపించింది. జరీ అంచు జోలికి మాత్రం పోలేదు. అది ఎండలో మెరుస్తుంటే జోగులమ్మకు దండం పెట్టుకున్నాను.

మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళే వాచర్ మల్లయ్య ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. పరుపు చుట్టూ ఒకసారి తిరిగి, చెయ్యి పెట్టి నొక్కి చూసి, "గిది ఎవరికి సారూ?" అన్నాడు.

"ఎలుగుబంటికి," అన్నాను.

"అది అడిగిందా?"

నాలుగేళ్ళ చదువులో నా పని గురించి ఇంత పదునైన ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

కానీ నిన్న ఒక ఉడత మూతి నిండా దూది కుక్కుకుని చెట్టెక్కింది. దాని గడ్డం సరిగ్గా మన మసీదు పేషిమాం సాబు గడ్డంలా ఉంది. ఆ దూది నువ్వు ఏకిందే గదా. ఈ చలికాలం గద్వాల దూది మీద నల్లమల ఉడత పిల్లలు పడుకుంటాయి. అత్తా, ఇది వేళాకోళం కాదు. నువ్వు ఆ రోజు మా వాకిట్లో కూర్చోకపోతే నేను ఈ చెట్టు కింద నిలబడి ఉండేవాణ్ణి కాదు. నీకు నా షుక్రియా. ఉడత తరఫున కూడా.

పెళ్ళి సంగతి: ఎలుగుబంటి నిజంగా ఎలుగుబంటే. నాలుగడుగులు అడిగింది అది బొద్దుగా ఉంటుందని.

విల్లు తునికి చెట్టుకు నూలు తాళ్ళతో వేలాడుతోంది. రోజూ సాయంత్రం దించి, బట్టలో చుట్టి, నా మంచం మీద పడుకోబెట్టి నేను కింద పడుకుంటున్నాను. మోగించడానికి మాత్రం చెయ్యి రాలేదు. కొట్టే కట్టె ఎత్తుతాను, మామ కొట్టిన చోట నేనేం కొడతానులే అని దించుతాను. గాలి కూడా మొహమాటపడుతోంది.

నీ యాసర్


గద్వాల,
3 అక్టోబర్ 2003

అల్లుడా,

కుట్లు విప్పినవా. మంచిది. దేవుడు నీకు గసొంటి దర్జీనే ఇయ్యాలె.

నువ్వు రాయకున్న మా ఆసిఫ్ అంత చెప్పిండు. అఖిల అనే పిల్ల పరుపు మీద చెయ్యి పెట్టి "ఎంత మెత్తగుందో" అన్నదంట. నువ్వు పక్కనే నిలబడి నవ్వినవంట. ఆమె పేరు ఎలుగుబంటి అని పెట్టినవా, సిగ్గు లేదా. పిల్ల బక్కగ, మంచిగ ఉందని ఆసిఫ్ అంటుండు. మగ్గం చెక్కలు చెదలకు ఏసుడు ఒక్కటే నాకు నచ్చలే. జోగులమ్మతోని అంటె, మగ్గం చెక్క చెదలకు పెట్టేది ఏం కోడలు అని ముక్కు మీద ఏలు ఏసుకుంది. అయినా గాని ఒక చీర పక్కకు పెట్టింది, పచ్చ ఒళ్ళు, ఎర్ర అంచు. పిల్ల రంగు ఏందో రాయి.

మీ నాయనతోని ఇంక చెప్పలే. మెల్లగ చెప్త.

ఇక్కడ రెండు దినాల సంది మబ్బులు పట్టినయి. మీ దిక్కు గూడ వాన పడుతదేమొ. నారి జాగ్రత్త. మళ్ల మళ్ల రాస్తున్ననని అనుకోకు. తొమ్మిది దినాలే ఉన్నయి.

ఇంక మోగించలే అంటివి. భయమెందుకు. ఆయన నిన్ను ఒళ్ళ కూసోబెట్టుకుని నీ చేతిల కట్టె పెట్టి మోగించిండు, నీకు యాది లేదు. నాలుగేండ్లోనివి. నవ్వినవ్.

మీ అత్త


మన్ననూర్,
8 అక్టోబర్ 2003

పరమ పూజ్యురాలైన అత్తకు,

ఒక విచారకర ఘటనపై విచారణ నివేదిక సమర్పించుకుంటున్నాను.

ఘటన: ఈ నెల ఐదో తేదీ ఉదయం విల్లు నారి తెగిన స్థితిలో కనబడింది. కట్టె భాగం క్షేమం.
అనుమానితుడు: మన ఊళ్ళో ఏదుపంది అంటారే, ఆ ముళ్ళపంది. వయసు తెలియదు, చిరునామా పుట్ట.
ఆధారం: ఉప్పు తగిలిన కట్టె, తోలు, నరం ఏది దొరికినా ముళ్ళపంది కొరుకుతుందని మల్లయ్య వాంగ్మూలం. ఆ విల్లు మీద మామ చేతి చెమట నలభై ఏళ్ళది. ఆ ఉప్పు వాసనకే వచ్చి ఉంటుంది.
నిందితుడు పరారీలో ఉన్నాడు. రెండు ముళ్ళు దొరికాయి, జత చేస్తున్నాను.

అత్తా, నీకు ఇంకోటి లేదన్నావు. ఆ మాట ఈ నాలుగు రోజులూ నా తలలోంచి పోలేదు. ఇస్రాయేలు సార్ చేనేత చూడడానికి రేపు గద్వాల వస్తున్నారు. విల్లునూ, నారి రెండు ముక్కలనూ బట్టలో చుట్టి ఆయన చేతికి ఇస్తున్నాను. షబే బరాత్‌కు మాత్రం చేరుతుంది. మాట్లాడకుండా చేరుతుంది.

అఖిల విషయం: ఆమె చెదలతో నిశ్చితార్థం చేసుకుంది. రంగు అడగకు.

యాసర్


గద్వాల,
13 అక్టోబర్ 2003

బిడ్డా యాసర్,

మీ సార్ వచ్చి విల్లు ఇచ్చిపోయిండు. మంచి మనిషి. చాయ్ తాగి, దుకాణంల కూసుని నేను దూది ఏకేది శానాసేపు సూసిండు. "మా యాసర్‌కు చేతులు ఎక్కడి నుంచి వచ్చినయో తెల్సింది" అన్నడు. ఇంకో చాయ్ పోసిన.

విల్లు బట్ట ఇప్పంగనే నేను ఏడిసిన, అది నీకు దాసిపెట్టను. పొద్దుటి దాక పొయ్యి ఎలిగించలే. తర్వాత నీ ఉత్తరం మళ్ల సదివిన. చెమట ఉప్పు కోసం వచ్చిందని రాసినవ్ సూడు, అక్కడ ఆగిన. కట్టె మీద, ఆయన పట్టుకునే చోట, నేను గూడ నాలుక పెట్టి సూసిన. నవ్వకు. నిజంగనే ఉప్పుగుంది, యాసర్. మూడేండ్ల నుంచి ఇంట్ల పెట్టుకుని ఏడాదికొకసారి మోగించి, తుడిసి పెడుతున్న గాని, ఆయన చెమట ఇంక దాంట్ల ఉందని నాకు తట్టలే. అడవిల ఎక్కడిదో ఒక జంతువుకు తెల్సింది.

నిన్న ఫాతెహాకు అందరు వచ్చిన్రు. మోగించలేకపోతిని. ఆయన గల్లీలకు వస్తే పరుపులు తెచ్చేసిన ముసలోళ్ళు గూడ వచ్చిన్రు, ఈ ఏడు మోగలేదేంది అని అడిగిన్రు. ఏదుపంది కత చెప్పిన. జోగులమ్మ కండ్లల్ల నీళ్ళు పెట్టుకుంది. ఒక్కొక్కరు వచ్చి కట్టె మీద చెయ్యి పెట్టి పోయిన్రు. ఏ ఏడు గిట్ల జరగలే. ఒక్కసారి మోగిస్తె ఇని, హల్వా తిని పోతుండ్రి. ఈసారి శానాసేపు కూసుండి ఆయన ముచ్చట్లే చెప్పుకున్నరు. అందుకని నాకు నీ మీద కోపం లేదు. ఆ జంతువు మీద గూడ లేదు. దానికి రెండు సేర్ల కల్లుప్పు పంపుతున్న, అది తిరిగే కాడ పెట్టు. ఈ ఏడాది ఫాతెహా దాని పేరు మీద గూడ సదివించిన.

నారి ముక్కలు సూసిన. ముప్పై ఏండ్లు నారులు బిగించిన చేతులు ఇవి. నీ ఏదుపందికి పండ్లు శాన మంచిగున్నయి బిడ్డా. చాకుతోని కోసినట్టు సాపుగ కొరికింది.

అడవిల ఎట్ల ఇనపడుతదో రాయమంటిని. ఇగ అది నాకు రాసిపెట్టి లేదు అనుకుంట.

మోకాలు ఎట్లున్నది.

మీ అత్త


మన్ననూర్,
17 అక్టోబర్ 2003

అత్తా,

నీ ఉప్పు చేరింది. అడవిలో ఏదీ వదలరాదన్న షరతు ఉంది కాబట్టి వంటింట్లో పెట్టాం. ఇస్రాయేలు సార్ దాన్ని పప్పులో వేసుకుని తింటున్నారు. నా చేతుల గురించి నీతో అన్న మాట నాతో మాత్రం అనలేదు.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నేను ఎవరితోనూ వేళాకోళమాడలేదు. అఖిల నాకు జ్వరమేమోనని చెయ్యి పట్టుకుని చూసింది. ఇది ఆసిఫ్ బావకు చెప్పకు. మోకాలు మానింది. ఉడతను దగ్గరగా చూద్దామని చెట్టెక్కి పడ్డాను, అంతకు మించి అందులో కథేం లేదు.

నా మొదటి ఉత్తరంలో చాలా తప్పులు ఒప్పుకున్నాను. వానలు, కరెంటు, నీ పంటి నొప్పి. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ముళ్ళపంది మీద పెట్టిన కేసు కూడా కొట్టేస్తున్నాను. ఆ ముళ్ళు రెండూ మల్లయ్య ఇంటి చూరులోవి. మామ చెమట ఉప్పు మాట నేను కల్పించిందే. అది నిజమని నువ్వు నాలుకతో తేల్చావు. నా అబద్ధంలో ఉన్న ఒక్క నిజాన్ని నువ్వే వెతికి తీసుకున్నావు. దానికి నీకు షుక్రియా.

ఆ నాలుగో తేదీ సాయంత్రం ఒక ఉడత తన పిల్లను నోట కరుచుకుని కొత్త గూటిలోకి మార్చుతోంది. ఆ గూట్లో నీ దూది తెల్లగా కనబడుతోంది. అట్లాగే చూస్తూ ఉండిపోయాను. గేటు దగ్గర జీపు హారన్ మోగేసరికి పరుగెత్తాను. విల్లు చెట్టుకే ఉండిపోయింది. విడిదికి వచ్చాక గుర్తొచ్చింది. అప్పటికే గేటు మూశారు. అప్పటికే వాన మొదలైంది.

తెల్లారి గేటు తీయగానే మల్లయ్యా నేనూ లోపలికి పోయాం. తునికి చెట్టు ఇంకా కనబడలేదు. అప్పుడు వినబడింది. మల్లయ్య ఆగి, "ఎవలో పిలుస్తుండ్రు," అన్నాడు.

మళ్ళీ మోగింది. అత్తా, ఎట్లా వినపడిందో రాయమన్నావు గదా, రాస్తున్నాను. తడిసిన నారి కాబట్టి మీ గల్లీలో కన్నా లోతుగా ఉంది, మామకు జలుబు చేసినప్పటిలా. మీ వీధిలో గోడలు ఉండబట్టి ఆ మోత తిరిగి మన దగ్గరికే వచ్చేది. ఇక్కడ తిరిగి రాలేదు. చెట్ల మధ్యలోంచి పోతూనే ఉంది. ఎక్కడో కోతులు అరవడం ఆపి విన్నాయి. నాకు నాలుగేళ్ళప్పటి సంగతి గుర్తులేదని రాశావు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఒడి, ఆ కట్టె, నా వేళ్ళ మీద ఆయన వేళ్ళు.

దగ్గరికి పోయి చూస్తే, నారి సాగి, ఒక కొస ముడి జారి, పరుపు మీద ఉంగరంలా పడి ఉంది; రెండో కొస విల్లుకే ఉంది. ఆ ఉంగరంలో ఒక అడవికోడి కాలు. దూదిలో పురుగులు ఏరుకోవడానికి వచ్చినట్టుంది. అది గుంజినప్పుడల్లా నారి బిగిసి మోగుతోంది. జరీ అంచు మీద నెత్తురు పడింది.

"గిది ఉచ్చు, సారూ," అన్నాడు మల్లయ్య. "ఉచ్చు పెట్టినోళ్ళను మేం పట్టిస్తం."

"నేను పెట్టింది ఉచ్చు కాదు," అన్నాను.

"కోడికి గది తెల్వదు గద."

జంతువుల కోసమని చెప్పి జంతువు కాలికి ఉచ్చు పెట్టి వచ్చినవాణ్ణి నేను. ఆ మాట నీకు రాయలేక ముళ్ళపందిని అడ్డం పెట్టుకున్నాను. మల్లయ్య తువ్వాలు కప్పి కోడిని పట్టుకున్నాడు. "తెంపకు, జర ఆగు, ముడి ఇప్పొచ్చు," అన్నాడు. విప్పొచ్చేమో. నీ నారి నీకు దక్కేదేమో. కానీ తువ్వాలు కింద అది మళ్ళీ గుంజింది, మళ్ళీ మోగింది. నీ కుట్లు విప్పిన చాకు నా జేబులోనే ఉంది.

కోడి కుంటుతూనే పోయింది. మొన్న మళ్ళీ కనబడిందని, కాలు మానిందని మల్లయ్య చెప్పాడు. ఎల్లుండి బయలుదేరి నేరుగా నీ దగ్గరికే వస్తున్నాను. చెవి తెచ్చుకుంటాను, పట్టుకో. మేకపేగు పేనడం ఎట్లాగో నీకు తెలిసినంత నేర్పు.

అత్తా, ఈ ఉత్తరాలన్నింటిలో నేను నిజంగా చేసింది ఒక్కటే. మామ మాట ఇంకా మోగుతుండగానే, ముడి విప్పేదాకా ఆగకుండా, ఆ నారి నేనే కోసేశాను.

నీ యాసర్